సామాజిక శాస్త్రముల ఎం.ఏ. ప్రవేశము – పల్లె విద్యార్థి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో రెండవ దినమున చేసిన ఉపన్యాసము)

  

 ఆహ్వానపత్రికలో నా ఉపన్యాస విషయము ‘విద్య – వికాసము’ అని అచ్చయినది. ఆ రెండు మాటల క్రింద ఏమైనను చెప్పవచ్చును. ఏమియు చెప్పకయే గంటసేపు మాటలాడను వచ్చును. కావున అధ్యక్షులవారి అనుమతితో దానిని కుదించి ఒక్క సంగతి మాత్రమే చెప్పదలచితిని. మన యూరి బాలబాలికలలో పట్టపరీక్ష ముగించినవారు గాని, ముగింపబోవువారు గాని, చరిత్ర, రాజనీతి, సమాజశాస్త్రము, అర్థశాస్త్రము మొదలగు విషయములలో ఒక మంచి విశ్వవిద్యాలయమున ఎం.ఏ. చదువగోరినచో, ఆ ద్వారమువద్ద వారిని ఏమేమి అడుగుదురు? అడుగువానిలో మనయొద్ద నున్నవెన్ని, లేనివెన్ని? ఇదియే నా విషయము.

ఇంత చిన్న సంగతికి ఇంత పెద్ద సభ యేల యని కొందరికి తోచవచ్చును. ఇంజనీరింగులో చేరుటకు ఏ పరీక్ష వ్రాయవలెనో, ఎన్నవ ర్యాంకునకు ఏ కళాశాల దొరకునో మన బస్టాండు టీకొట్టువద్ద నిలుచున్నవారు సైతము చెప్పగలరు. కాని సమాజశాస్త్రమున ఎం.ఏ. చదువవలెనన్న ఎక్కడ అడుగవలెనో తల్లిదండ్రులకు తెలియదు; డిగ్రీ కళాశాల ఉపాధ్యాయులకును తరచుగా తెలియదు. నేను ముప్పదియేండ్లు అట్టి ఉపాధ్యాయుడనే. కావున ఈ మాటను నిందగా గాక ఒప్పుకోలుగా చెప్పుచున్నాను.

మనకు దగ్గర నున్న ఉదాహరణమునే తీసికొందము. 1969లో తెలంగాణ ఉద్యమము, 1972–73లో జై ఆంధ్ర ఉద్యమము నడచిన పిమ్మట, 1973లో ఆరు సూత్రముల పథకము కుదిరినది. అందొక సూత్రము హైదరాబాదులో కేంద్ర విశ్వవిద్యాలయమును స్థాపింపవలెననునది. దానికై రాజ్యాంగమున 371–ఇ అధికరణమును చేర్చిరి. 1974లో పార్లమెంటు చట్టముచే హైదరాబాదు విశ్వవిద్యాలయము వెలసెను. మొదట సరోజినీ నాయుడుగారి గృహమైన గోల్డెన్ థ్రెషోల్డులో నడచి, తరువాత గచ్చిబౌలికి మారెను. తెలుగువారి రెండు ప్రాంతముల కలహమునకు విరుగుడుగా పుట్టిన విద్యాలయ మది. అందు మన పల్లెపిల్లలు చేరుట ఎవరో చేయు దయ కాదని మొదటనే చెప్పుచున్నాను; ఏలయన, ఆ ద్వారమును చేరకముందే మన పిల్లలు తమంతట తామే వెనుకకు తగ్గుటను చాలమారులు చూచితిని.

అచ్చట ఎం.ఏ. ప్రవేశమునకు, దేశములోని అనేక కేంద్ర విశ్వవిద్యాలయములయందువలెనే, ఉమ్మడి పరీక్ష యొకటి యున్నది. దానిని సీయూఈటీ–పీజీ యందురు. 2022లో మొదలైనది, జాతీయ పరీక్షా సంస్థ నడపుచున్నది. మన రెండు రాష్ట్రముల విశ్వవిద్యాలయములకు సీపీగెట్, ఏపీ పీజీసెట్ అను పరీక్షలు వేరుగా నున్నవి. వాని సంగతి మన కళాశాలలలో కొంత తెలియును గనుక విడిచెదను.

కాగితముమీద వ్రాసియున్న నియమములు చూచినచో భయపడవలసినదేమియు లేదు. ఒక పట్టము కావలెను. అందు ఇంత శాతము మార్కులు రావలెనని యుండును. సాధారణముగా అది సగమునకు అటునిటుగా నుండును, కొన్ని వర్గములవారికి సడలింపు కలదు. పట్టపరీక్ష ఆఖరు సంవత్సరములో నున్నవారును దరఖాస్తు చేయవచ్చును. బి.కాం., బి.ఎస్సీ. చదివినవారు సైతము చాల శాఖలకు అర్హులే. అర్థశాస్త్రమునకు మాత్రము గణితము రానిచో లోపల చేరిన పిమ్మట కష్టము తప్పదు. శాఖను బట్టియు, సంవత్సరమును బట్టియు నియమము మారును గనుక, ఆ యేటి ప్రకటనను చూచియే నమ్మవలెను గాని నావంటి పెద్దమనుషుల జ్ఞాపకమును నమ్మరాదు.

ఈ చివరి మాట ఊరక చెప్పలేదు. పదునైదేండ్ల క్రిందట నాయొద్ద చదివిన ఒక బాలిక యుండెను. తండ్రి నేతపని చేయువారు. ఆమె ఒక కేంద్ర విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్ష వ్రాసి, ఇతర వెనుకబడిన తరగతుల జాబితాలో పేరు తెచ్చుకొన్నది. బయలుదేరుటకు ముందు నాయొద్దకు వచ్చి, “సార్, కుల ధ్రువపత్రము ఈ యొక్కటి చాలునా?” అని అడిగినది. నేను చూచితిని. మండల కార్యాలయమున ఇచ్చిన బి.సి. పత్రము, ముద్ర యున్నది, సంతకమున్నది. “చాలునమ్మా, ఇంకేమి కావలెను?” అంటిని. అచ్చట వారు దానిని అంగీకరింపలేదు. రాష్ట్ర ప్రభుత్వపు బి.సి. పత్రము వేరు, కేంద్ర సంస్థలకు కావలసిన ఓ.బి.సి. పత్రము వేరు. ఈ రెండవదానిలో కులము కేంద్ర జాబితాలో నున్నదనియు, కుటుంబము సంపన్నశ్రేణికి చెందదనియు, వారి నమూనాలోనే, ఇటీవలి తేదీతోనే వ్రాసియుండవలెను. కొద్దిదినముల గడు విచ్చిరి. ఆ కొద్దిదినములలో తండ్రి మగ్గము విడిచి కార్యాలయముచుట్టు తిరిగెను. పత్రము చేతికి వచ్చునప్పటికి గడువు దాటినది. సీటు జాబితాలోని తరువాతివారికి పోయినది. ఆ తప్పు విశ్వవిద్యాలయముది కాదు, కార్యాలయముది కాదు. ఆ తప్పు నాది. తెలియదని చెప్పవలసినచోట తెలిసినట్లు చెప్పితిని.

కావున ఈ పత్రముల సంగతిని, సభకు శుష్కముగా తోచినను, కొంచెము నిలిచి చెప్పెదను. కేంద్ర విద్యాసంస్థలలో షెడ్యూల్డు కులములకు 15 శాతము, షెడ్యూల్డు తెగలకు ఏడున్నర శాతము, ఓ.బి.సి. వర్గములకు 2006 నాటి చట్టము ననుసరించి 27 శాతము, 2019 నుండి ఆర్థికముగా బలహీనులైన ఇతర వర్గములకు 10 శాతము సీట్లు కేటాయింపబడియున్నవి. దివ్యాంగులకు ఐదు శాతమునకు తక్కువ గాకుండ ఉండవలెను. మన రాష్ట్రపు బి.సి. జాబితాలోని ప్రతి కులమును కేంద్ర జాబితాలో నుండదు. అది ముందుగా చూచుకొనవలెను. సంపన్నశ్రేణిని నిర్ణయించు ఎనిమిది లక్షల రూపాయల ఆదాయపు లెక్కలో తల్లిదండ్రుల జీతమును, వ్యవసాయపు రాబడిని కలుపరు. ఈ సంగతి తెలియక, ‘మాకు పొలమున్నది, మాకు రాదు’ అని ఊరకున్న కుటుంబములను నేనెరుగుదును. ఉద్యోగుల విషయమున జీతమును గాక ఉద్యోగపు హోదాను చూచు నియమము వేరుగా కలదు.

తేదీలను గూర్చి యొకమాట. ఈ యుమ్మడి పరీక్షకు దరఖాస్తులు ఇటీవలి సంవత్సరములలో డిసెంబరు, జనవరి నెలలలో పిలుచుచున్నారు. పరీక్ష మార్చిలో జరుగుచున్నది. మన పిల్లలు పట్టపరీక్ష ఫలితములు వచ్చిన పిమ్మట, జూనులోనో జూలైలోనో, ఇక ఏమి చదువుదమని ఆలోచింతురు. అప్పటికి ఆ ద్వారము మూసి నెలలు గడచియుండును. ఇంకొక చిక్కు: పరీక్ష వ్రాసి మార్కులు తెచ్చుకొన్నంతమాత్రమున ప్రవేశము రాదు. ఏ విశ్వవిద్యాలయమున చేరదలచిరో ఆ విశ్వవిద్యాలయమునకు ఆ మార్కులతో వేరుగా దరఖాస్తు చేసికొనవలెను. మంచి మార్కులు వచ్చి, ఎవరో పిలుతురని ఎదురుచూచుచు ఇంట కూర్చుండిన విద్యార్థిని నేను చూచితిని. పెండ్లిపిలుపు కాదుగదా, వచ్చి బొట్టు పెట్టి పిలుచుటకు!

ఇక పరీక్ష. 2025లో జరిగిన పద్ధతిని చెప్పెదను. ఎంచుకొన్న శాస్త్రములో 75 ప్రశ్నలు, 90 నిమిషములు. అనగా ప్రశ్నకు 72 సెకండ్లు. ప్రతి ప్రశ్నకు నాలుగు సమాధానము లిచ్చి ఒకదానిని గుర్తింపుమందురు. సరియైనదానికి నాలుగు మార్కులు. తప్పునకు ఒక మార్కు కోత. ‘తెలియనిదానిని తాకరాదు’ అని శిక్షణశాలలవారు భయపెట్టుదురు. లెక్క వేసి చూడుడు. ఏమియు తెలియక నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా గుర్తుపెట్టినచో, సగటున ఒకటి సరిపోవును, మూడు తప్పును. నాలుగు వచ్చి మూడు పోగా ఒకటి మిగులును. నాలుగింటిలో ఒక సమాధానము కచ్చితముగా కాదని తెలిసినచో లాభము ఇంకను పెరుగును. కావున ఈ కోతకు అంతగా జంకవలసినది లేదు. వెనుక వరుసలోని యువకులు నవ్వుచున్నారు. గుడ్డిగా వ్రాయుమని నేను చెప్పినట్లు ఇంటికి పోయి చెప్పవలదు!

జంకవలసినది వేరొకచోట నున్నది. పట్టతరగతులలో చేరుటకు జరుపు ఇటువంటి పరీక్షనే తెలుగుతో కలిపి 13 భాషలలో వ్రాయవచ్చును. ఎం.ఏ.కు మాత్రము, భాషాసాహిత్యముల పత్రములు తప్ప, ఇంగ్లీషు, హిందీ యను రెండు భాషలే. పదునెనిమిదేండ్ల వయస్సున తెలుగులో ఆలోచింపవచ్చును గాని ఇరువదియొకటవ యేట ఆలోచింపరాదని అర్థము కాబోలు! హిందీ మాతృభాషగా గల విద్యార్థి తన భాషలో పరీక్ష వ్రాయుచుండ, మన విద్యార్థి 72 సెకండ్లలో ఒక ఇంగ్లీషు పేరా చదివి, అందులోని మెలికను గ్రహించి, సమాధానము గుర్తింపవలెను. ఇది ప్రకటనలో ఏ నియమమునందును వ్రాసియుండని నియమము. కాని అన్నింటికంటె గట్టి నియమ మిదియే. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లవానికి శాస్త్రము తెలియక కాదు. సామాజిక స్తరీకరణ మననేమో అతడు చక్కగా చెప్పగలడు. కాగితముమీద ‘స్ట్రాటిఫికేషన్’ అని ఇంగ్లీషు అక్షరములలో కనబడగానే ఆగిపోవును. తెలిసిన మనిషియే వేరొక వేషములో ఎదురైనట్లుండును. పలుకరించు లోపల బండి కదలిపోవును.

ఈ రెండు అడ్డంకులు, పత్రములు తేదీలు ఒకటి, ఇంగ్లీషు చదువు వేగ మొకటి, మన గ్రంథాలయము తలచినచో ఒక్క యేడాదిలో తగ్గింపగలదని నా నమ్మకము. దానికి మరల వచ్చెదను. మూడవది యొకటి యున్నది. దానిని గూర్చి చెప్పుటకు కొంచెము దూరము పోవలెను.

విదేశములలోని గొప్ప విద్యాలయములలో, ఉదాహరణమునకు లండను స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో, మాస్టరు పట్టమునకు చేరుటకు ఇట్టి గుర్తులు పెట్టు పరీక్ష సాధారణముగా ప్రధానము కాదు. పట్టమున మంచి శ్రేణి, ఇంగ్లీషు పరీక్షాఫలితము, ఇద్దరు గురువుల సిఫారసు లేఖలు, వీనితోపాటు ఈ శాస్త్రమును, ఈ శాఖలో, ఇప్పుడు ఎందుకు చదువదలచితివో వివరించు ఒక వ్యాసము అడుగుదురు. ఈ వ్యాసమే చాలమందికి కొరకరాని కొయ్య.

ఆ విద్యాలయమున చదివినవారిలో మనమందరము ఎరిగిన వ్యక్తి డాక్టరు అంబేడ్కరుగారు. ఆయన అచ్చటికి ఎట్లు చేరినదియు కొంచెము స్మరించుకొనుట యుక్తము. 1913లో బరోడా మహారాజు సయాజీరావు గాయక్‌వాడుగారు మూడేండ్లపాటు నెలకు పదునొకటిన్నర పౌనుల విద్యార్థివేతన మీయగా, ఆయన న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున చేరి, 1915లో ఎం.ఏ. పట్టము పొందెను. 1916లో లండను వచ్చెను. కొలంబియాలో ఆయన గురువైన ఆచార్య సెలిగ్మన్, లండనులోని ఆచార్య ఫాక్స్‌వెల్‌కు ఆయనను గూర్చి లేఖ వ్రాసెను. 1917లో వేతనపు గడువు తీరుటచే చదువు నడుమ విడిచి మరలి రావలసివచ్చెను. వేరొక ఓడలో పంపిన ఆయన పుస్తకములు, ఆ ఓడ యుద్ధములో దాడికి గురియై మునిగిపోగా, సముద్రము పాలయ్యెను. పుస్తకముల విలువ ఎరిగిన ఈ సభలో ఆ నష్టము ఎట్టిదో నేను చెప్పనక్కరలేదు. తరువాత బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో పాఠములు చెప్పి కూడబెట్టినది కొంత, కొల్హాపురపు షాహూ మహారాజుగారి సాయము కొంత, నవల్ భథేనా యను మిత్రుడిచ్చిన అప్పు కొంత చేర్చుకొని 1920లో మరల లండను పోయి, 1921లో ఎం.ఎస్సీ., 1923లో డి.ఎస్సీ. పట్టములు పొందెను.

ఇందు రెండు సంగతులు గమనింపుడు. మొదటిది ఆ లేఖ. సెలిగ్మన్ తన శిష్యుని వ్రాతలు చదివియుండెను గనుక వ్రాయగలిగెను. మన కళాశాలలలో సిఫారసు లేఖ యెట్లు తయారగును? విద్యార్థియే వ్రాసికొని వచ్చును. గురువు సంతకము చేయును. నేనును చేసితిని. అన్ని లేఖలలోను విద్యార్థి ‘కష్టపడువాడు, వినయవంతుడు, క్రమశిక్షణ గలవాడు’. ఎద్దును అమ్మువాడు సైతము ఇంతకంటె కొంచెము వివరముగా చెప్పును. విదేశమున ఆ లేఖ చదువు ఆచార్యునికి అందువలన ఏమి తెలియును? కావున ఎం.ఏ. చదువగోరు విద్యార్థి రెండవ సంవత్సరముననే ఒక గురువును ఎంచుకొని, తాను వ్రాసిన నాలుగు వ్యాసములను ఆయనచేత చదివించి, తప్పులు దిద్దించుకొనవలెను. అప్పుడు ఆయనకు వ్రాయుటకు మాట లుండును.

రెండవది, ఆయన చదివిన విషయము. కొలంబియాలో ఆయన ఎం.ఏ. కొరకు వ్రాసినది ప్రాచీన భారత వాణిజ్యమును గూర్చి, లండను ఎం.ఎస్సీ.కి వ్రాసినది బ్రిటిషు ఇండియాలో ప్రభుత్వ ద్రవ్యమును రాష్ట్రములకు పంచిన విధమును గూర్చి. అమెరికాకును ఇంగ్లండునకును పోయి తన దేశమును గూర్చియే చదివెను. నేడు షెడ్యూల్డు కులములు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకై కేంద్ర ప్రభుత్వము జాతీయ విదేశీ విద్యార్థివేతనము నిచ్చుచున్నది. ఏటా 125 అను లెక్కతో నడచిన గొప్ప పథక మది. కాని 2022లో దాని నిబంధనలలో, భారతీయ సంస్కృతి, వారసత్వము, చరిత్ర, భారత సమాజమును గూర్చిన అధ్యయనములకు ఈ వేతనము వర్తింపదని చేర్చిరి. ఈ నియమము ఆ కాలమున బరోడా సంస్థానమున నుండినచో ఏమి జరిగియుండునో మీరే యోచింపుడు. దరఖాస్తు చేయదలచినవారు ఆ యేటి నిబంధనలను పంక్తి పంక్తి చదివి, తమ విషయము దానిలో ఇముడునో లేదో తెలిసికొనియే పూనుకొనవలెను.

ఇప్పుడు నేను చెప్పదలచిన మూడవ సంగతికి వచ్చితిని. ఇన్ని పత్రములును, ఇన్ని మార్కులును అడిగిన పిమ్మట, మంచి విద్యాలయము విద్యార్థియందు వెదకునది, అతనికి తనదైన ప్రశ్న యొకటి కలదా యనునది. మన ఉమ్మడి పరీక్ష దీనిని అడుగదు. అది దాని లోపమని నా అభిప్రాయము. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున పూర్వము ప్రవేశపరీక్షలో వ్యాసములు వ్రాయించెడివారు. 2019 నుండి అచ్చటను గుర్తులు పెట్టు పద్ధతి వచ్చినది. పాత పద్ధతిలో ఇంగ్లీషు బాగుగా వ్రాయువారికి మేలు జరుగుచుండెననుట నిజమే. అందుకు విరుగుడుగా వెనుకబడిన జిల్లాలనుండి వచ్చువారికి కొన్ని మార్కులు అదనముగా కలుపు ఆచారము వారికి చిరకాలము నుండెను. గుర్తులు పెట్టు పరీక్షలో ఇంగ్లీషు వ్రాయు బాధ తగ్గినది, నిజము. దానితోపాటు విద్యార్థి స్వయముగా ఆలోచించిన దేమో తెలిసికొను కిటికీయు మూతపడినది. అయినను మౌఖిక పరీక్ష జరుపు సంస్థలు కొన్ని మిగిలియున్నవి; విదేశముల వ్యాసము సరేసరి; చేరిన పిమ్మట రెండేండ్ల చదువునకు కావలసినదియు ఆ ప్రశ్నయే.

నేనొకప్పుడు ఒక ఎంపిక సంఘమున కూర్చుంటిని. పల్లెనుండి ఒక యువకుడు వచ్చెను. స్వయంసహాయక సంఘములను గూర్చి చెప్పుమంటిమి. పుస్తకములోని నిర్వచనమును ఏకబిగిని అప్పగించెను. మాలో ఒకరు, “మీ యింట ఎవరైన అట్టి సంఘమున నున్నారా?” అని అడిగిరి. అతడు తల వంచుకొని, మెల్లగా, “మా అమ్మ డ్వాక్రా సంఘము లీడరండి” అనెను. ఎన్నేండ్లనుండి యని అడిగితిమి. తాను ఐదవ తరగతిలో నుండగా మొదలైనదనియు, లెక్కల పుస్తకము తానే వ్రాయుచుందుననియు చెప్పెను. అంతట ప్రశ్నలు మానివేసి వింటిమి. బ్యాంకు అప్పు ఎవరి పేర వచ్చును, ఎవరి చేతికి పోవును, వాయిదా కట్టలేని ఇంటికి తక్కినవారు ఎట్లు పోవుదురు, పోయినప్పుడు ఏ కులమువారి యింట కూర్చుందురు, ఏ కులమువారి యింట వాకిటనే నిలుతురు — పది నిమిషములు చెప్పెను. ఆ నిర్వచనమునకు గాక ఆ పది నిమిషములకే మేము మార్కులు వేసితిమి. అతడు దానిని ఏల దాచెను? ఇంటి సంగతి చదువు కాదని మనము నేర్పియుండుటచేత.

అది చదువేయని చెప్పుటకు దూరపు సాక్ష్యము లక్కరలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పనిచేసిన శ్యామాచరణ్ దూబేగారు 1951–52లో హైదరాబాదు సమీపమున నున్న శామీర్‌పేట గ్రామమున ఉండి, ఆ యూరి కులవృత్తులు, పండుగలు, కుటుంబములు, కొట్లాటలు పరిశీలించి వ్రాసిన గ్రంథము 1955లో ‘ఇండియన్ విలేజ్’ అను పేర వెలువడెను. భారతీయ గ్రామమును గూర్చి చదువువా రందరును ఎరిగిన పుస్తక మది. శామీర్‌పేట మన యూరివంటి యూరే. అంతకు పూర్వమే గుంటూరు జిల్లా నిడుబ్రోలునుండి ఆక్స్‌ఫర్డు పోయి 1926లో బి.లిట్. పొందిన ఆచార్య ఎన్.జి. రంగాగారు పల్లెల ఆర్థికవ్యవస్థను గూర్చియే పుస్తకము వ్రాసిరి. మన చెరువు తూము తీసి నీరు పంచు నీరటికాడు ఇప్పుడేల లేడు? ఆ పని ఏ కుటుంబమువారిది, ఏ యేట ఆగినది, బోరుబావులు వచ్చిన పిమ్మట ఆ కుటుంబము ఏమైనది? ఈ ప్రశ్నకు సమాధానము ఏ పుస్తకమునను లేదు. కాని దానిని ఎట్లు అడుగవలెనో, ఎట్లు లెక్క తీయవలెనో నేర్పు పుస్తకము లున్నవి.

ఇక కార్యవర్గమువారికి నా విన్నపము. రజతోత్సవ నిధితో రెండవ గదిని ఉద్యోగపరీక్షల శిక్షణకు కేటాయింతురనియు, అందుకై పాత పత్రికల కట్టలను తొలగింతురనియు వింటిని. ఉద్యోగపరీక్షలకు చదువు పిల్లలకు చోటిచ్చుట మంచిదే, నేను కాదనను. పాత పత్రికలను మాత్రము కాటా కెక్కింపవలదు. వేటపాలెము సారస్వత నికేతనమునకు విశ్వవిద్యాలయములనుండి పరిశోధకులు వచ్చుట, ఆ యూరివారు 1918 నుండి ఇట్టి కాగితములను దాచుకొనుటచేతనే. మన కట్టలు పాతికేండ్లవే. అయినను ఈ మండలములో కరవు, వలస, ఎన్నికలు, ధరలు వానిలో తప్ప మరెక్కడ వరుసగా దొరకును?

ఒక అలమార సామాజిక శాస్త్రములకు కేటాయింపుడు. దానికి పెద్ద వ్యయ మక్కరలేదు. తెలుగు అకాడమీవారు పట్టతరగతులకు ప్రచురించిన పుస్తకములు. పదకొండు, పండ్రెండు తరగతులకు ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు వేసిన చరిత్ర, సమాజశాస్త్ర, రాజనీతి వాచకములు, ఇంగ్లీషులో. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయమువారి పాఠములు అంతర్జాలమున ఉచితముగా దొరకును, అచ్చుతీసి కుట్టించిన చాలును. వారమున రెండు సాయంకాలములు నలుగురైదుగురు కూర్చుండి ఒకే విషయమును ముందు తెలుగు పుస్తకములో, తరువాత ఇంగ్లీషు పుస్తకములో చదువవలెను, తెలుగులో వాదించుకొనవలెను. రెండు భాషల పారిభాషిక పదములను ఒక నోటుపుస్తకమున వ్రాయుచుండవలెను. ‘స్తరీకరణము’ ఎదుట ‘స్ట్రాటిఫికేషన్’ చేరిననాడు ఆ వేషము మనలను మోసగింపదు. ఇంగ్లీషును ప్రత్యేకముగా నేర్చుకొని ఆ పిమ్మట శాస్త్రము చదువుదమనువారు ఇంగ్లీషు దగ్గరనే ఆగిపోవుట చూచితిని. శాస్త్రము ద్వారా ఇంగ్లీషు వచ్చుట సులభము.

నవంబరు మొదటి తేదీనుండి ప్రకటనల బల్లపై ఒక కాగితము వ్రేలాడవలెను: ఏ పరీక్ష, ఎప్పటివరకు, ఏ పత్రము, ఎచ్చట. దానిని ప్రతి సోమవారము సరిచూచుటకు ఒకరిని నియమింపుడు.

ఆ పత్రముల జాబితాను నేను తయారుచేయలేదు. నాకు ఆ అర్హత లేదని మీరు వింటిరి. సీటు పోగొట్టుకొన్న ఆ బాలిక తరువాత రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఎం.ఏ. చేసి, ఇప్పుడొక డిగ్రీ కళాశాలలో సమాజశాస్త్రము బోధించుచున్నది. ఈ సభకు పిలువగా పరీక్షల దినములగుటచే రాలేనని తెలిపి, కేంద్ర నమూనాలోని ఓ.బి.సి. పత్రము, ఆదాయపత్రము, దరఖాస్తు మెట్లు అన్నియు తెలుగులో వ్రాసి నాలుగు పుటలుగా పంపినది. ఉదయముననే గ్రంథాలయాధికారిగారికి అందజేసితిని. ఆయన మేజాపై నున్నది. వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు నేను పఠనమందిరమున నుందును. మూడవ సంవత్సరము చదువుచున్నవారు తమ కుల ధ్రువపత్రమును వెంట తీసికొని రావలెనని కోరుచున్నాను.